రెక్క చివర పట్టుకున్న పిల్ల

లాండ్రీ తగలబడిన మధ్యాహ్నం ఆ పిల్ల బడిలో లెక్కల పరీక్ష రాస్తోంది. పరీక్ష బాగానే రాసింది. బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి రోడ్డంతా నీళ్ళు, నీళ్ళ మీద మసి, ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని నిలబడిన మనుషులు. ఆ పిల్ల వాళ్ళకి కింద లాండ్రీ, పైన ఇల్లు. ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలి, మడతపెట్టిన దుప్పట్లకి అంటుకుని, చెక్క మెట్ల మీదుగా మంట పైకెక్కిందట. అమ్మా, నాన్నా, పనివాళ్ళూ వెనక తలుపు గుండా బయటపడ్డారు. ఒక్కరికీ చర్మం కూడా కమల్లేదు. పైన మాత్రం గోడలు తప్ప ఏమీ మిగల్లేదు.

"ప్రాణాలు దక్కాయి. అదే చాలు," అంది ఎదురింటావిడ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని.

ఆ మాట ఆ వారమంతా వినబడుతూనే ఉంది. మందుల షాపాయన అన్నాడు. బడిలో టీచరు అంది. ఫోన్లో పలకరించిన చుట్టాలందరూ అన్నారు. అన్నప్పుడల్లా అమ్మ "అవునండీ, అదే చాలు" అని తలూపేది. తరువాత స్నానాల గదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పుకుని, ఆ చప్పుడు మాటున ఏడ్చేది. నాన్న కొత్త షాపు గురించి, ఈసారి వేయించాల్సిన వైరింగు గురించి ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాడు. ఆ పిల్లకి ఏడుపు రాలేదు, మాటలూ రాలేదు. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్ళు ఎదురుచూసింది. తరువాత ఎదురుచూడటం కూడా మానేసింది.

నాన్న అక్కగారింట్లో వెనక గది ఖాళీగా ఉంటే ముగ్గురూ అక్కడ చేరారు. గదిలో ఒక మూల అత్త కుట్టుమిషను, దాని పక్కన గుడ్డపీలికల సంచులు, మిగతా జాగాలో పరుపులు. పొద్దున్నే పరుపులు చుట్టేస్తే తప్ప అత్త మిషను దగ్గరికి పోలేదు. ఆ పిల్ల తొడుక్కున్నవన్నీ ఎవరో ఒకరివి. పక్కింటి అమ్మాయి చొక్కా, అత్త పాత చెప్పులు, బడిలో ఎవరో తెచ్చిచ్చిన సంచి. చొక్కా భుజాల దగ్గర జారేది. సరిచేసుకోవాలని ఆ పిల్లకి అనిపించేది కాదు.

"దీని వాలకం నాకేం నచ్చట్లేదురా," అంది అత్త ఒకరోజు నాన్నతో. ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంది. "తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంతకన్నా అల్లరి చేసినా బాగుండు."

"దానికి ధైర్యం ఎక్కువక్కా. మా అందరికన్నా అదే గట్టిది," అన్నాడు నాన్న.

మావయ్య పట్నం చివర ఉన్న చిన్న విమానాల మైదానంలో ఇంధనం బండి నడుపుతాడు. మనిషి ఇంట్లోకి రాకముందే అతని ఒంటి మీది పెట్రోలు వాసన వస్తుంది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయనే కదిపాడు.

"మా మైదానంలో పిల్లలకి వైమానిక కేడెట్ల దళం ఒకటుంది కోడలా. పదహారు నిండినవాళ్ళని తీసుకుంటున్నారు. శనివారం శనివారం పరేడు, పాఠాలు. ఆ తరువాత గ్లైడర్ ఎక్కిస్తారు. ఇంజను ఉండదు దానికి. తాడు కట్టి లాగితే గాలిపటంలా లేస్తుంది. చేరతావా?"

"ఇంజను లేకుండా ఎలా దిగుతుంది?" అంది అమ్మ ముద్ద మధ్యలో ఆపి.

"దిగడానికి ఇంజను ఎందుకు చెల్లెమ్మా? దిగకుండా ఉండటానికే తిప్పలు."

మావయ్య జోకుకి ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ పిల్ల వైపు చూశారు.

"సరే," అంది.

అప్పట్లో దేనికైనా అదే మాట.

ఎంపిక రోజున పిల్లలందరినీ ఒక పొడవాటి షెడ్డులో వరసగా కూర్చోబెట్టారు. ఎత్తు కొలిచారు, కళ్ళు చూశారు, మైదానం చుట్టూ పరిగెత్తించారు. చివర్లో ఒక్కొక్కరినీ పిలిచి, ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగారు. ఆ పిల్లకి ముందు వెళ్ళిన అమ్మాయి గట్టిగా మాట్లాడుతుంటే తలుపు బయటికి వినబడుతోంది. చిన్నప్పటి నుంచీ ఆకాశమంటే పిచ్చి అట, డాబా మీద పడుకుని విమానాల రెక్కల కింద దీపాలు చూసి ఏది ఎటు పోతోందో చెప్పేదట, వాళ్ళ తాత కూడా చెప్పలేకపోయేవాడట. లోపల అధికారి "చాలమ్మా, చాలు" అనాల్సి వచ్చింది.

ఈ పిల్ల వంతు వచ్చింది.

"నువ్వెందుకు చేరాలనుకుంటున్నావు?"

"మావయ్య చెప్పాడండీ."

అధికారి కాగితం మీంచి తల ఎత్తి చూసి, నవ్వి, ఏదో రాసుకున్నాడు. తీసుకున్నారు.

యూనిఫాం ఇచ్చే గదిలో స్టోర్ కీపరు టేపుతో భుజాలూ నడుమూ కొలిచి, అర వెతికి, ప్లాస్టిక్ సంచిలో మడతలతో ఉన్న నీలం చొక్కా, ప్యాంటూ బల్ల మీద పెట్టాడు. మంటల తరువాత తన కొలతకి వచ్చిన మొదటి బట్టలు అవే. ఆ సంగతి ఆ పిల్లకి తట్టింది. తట్టి ఊరుకుంది.

మొదటి పరేడుకి బట్టలు ఇస్త్రీ ఉండాలి. ఆ ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉంది గానీ, వీళ్ళు వచ్చినప్పటి నుంచి అత్త దాన్ని అలమారలో పైన పెట్టేసింది. అమ్మ ముందు దాన్ని తియ్యడం ఎవరికీ ఇష్టం లేదు. ఏళ్ళ తరబడి ఊరందరి చొక్కాలకీ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మనిషి ఇప్పుడు స్విచ్చు బోర్డు దగ్గరికే పోవట్లేదు. దీపం వేయాలన్నా నాన్నని పిలుస్తోంది.

"నేను చేసుకుంటానత్తా," అంది ఆ పిల్ల.

అత్త పెట్టె దించి ఇచ్చింది. అది చూడగానే అమ్మ చెప్పులేసుకుని గుమ్మం దాటింది. ఆ పిల్ల దుప్పటి నాలుగు మడతలు వేసి, చొక్కా మీద నీళ్ళు చిలకరించి, మొదట కాలరు, తరువాత భుజాలు, తరువాత చేతులు, అమ్మ నేర్పిన వరసలోనే చేసుకుంటూ పోయింది. కిటికీలోంచి చూస్తే అమ్మ రోడ్డుకి అవతల, మూసేసి ఉన్న కూరగాయల కొట్టు గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ప్యాంటు మడత కత్తిలా వచ్చింది. పెట్టె ప్లగ్గు పీకేసి, అది చల్లారాక, కిటికీలోంచి చెయ్యి ఊపింది. అమ్మ లోపలికి వచ్చింది. చొక్కా కాలరు పట్టుకుని చూసింది.

"ఇక్కడ చిన్న ముడత ఉండిపోయింది," అంది.

"సరేలే అమ్మా."



పరేడులో ఆ పిల్లని మించినవాళ్ళు లేకపోయారు. ఎండలో నిలబడమంటే కదలదు. ఈగ ముక్కు మీద వాలినా కళ్ళు తిప్పదు. పక్కవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతుంటే వాళ్ళని దాటుకుని నడవమన్నా నడుస్తుంది. డ్రిల్లు మాస్టారు అందరికీ ఆ పిల్లని చూపించి "అదీ నిలబడటమంటే" అనేవాడు. తోటి కేడెట్లు 'రాయి' అని పేరు పెట్టారు. ఎగతాళిగా మొదలుపెట్టిన ఆ పేరు కొన్నాళ్ళకి మామూలైపోయింది. ఎవరైనా "రాయీ, నీళ్ళ సీసా ఇటివ్వు" అంటే ఇచ్చేది.

ఎంపిక రోజున ఆకాశం గురించి ఆపకుండా మాట్లాడిన అమ్మాయి కూడా అదే జట్టులో పడింది. ఆ అమ్మాయిని అందరూ వసపిట్ట అనేవాళ్ళు. నోరు మూతపడేది కాదు. బూట్లు పాలిష్ చేస్తూ మాట్లాడేది, పాఠం మధ్యలో మాట్లాడేది, నోట్లో రొట్టె పెట్టుకుని మాట్లాడేది. వినేవాళ్ళు కావాలి కాబట్టి రాయి పక్కన చేరింది. రాయికీ అభ్యంతరం లేకపోయింది. పక్కన ఎవరో మాట్లాడుతుంటే తను మాట్లాడక్కర్లేదు.

"నీకు ఇంట్లో మంటలొచ్చాయటగా?" అని వసపిట్ట ఒకసారి బస్సులో అడిగింది.

"అవును."

"అందరూ బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నారు."

"అమ్మయ్య," అంది వసపిట్ట, ఇక ఆ విషయం వదిలేసి తన మేనమామ పెళ్ళిలో జరిగిన గొడవ మొదలుపెట్టింది.

గ్లైడర్ నేర్పేది ఒక మేడమ్. యాభై దాటి ఉంటాయి. మెడ వెనక ఎండకి కమిలి ఇటుక రంగు తేలింది. ఎప్పుడూ ఒక పాత రుమాలు తలకి కట్టుకుని ఉంటుంది. విమానం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చక్రం చూసి లేచేటప్పుడు "అమ్మమ్మా" అని మూలిగేది. మైదానం ఒక కొసన తాడుని చుట్టుకునే యంత్రం ఒకటుంది, దాన్ని వించ్ అంటారు. రెండో కొసన గ్లైడర్. మధ్యలో గడ్డి మీద పొడుగ్గా పరిచిన ఉక్కు తాడు. వించ్ ఆ తాడుని జోరుగా చుట్టుకుంటుంటే గ్లైడర్ ముక్కు పైకెత్తుకుని నిలువుగా లేచిపోతుంది. పైకి చేరాక తాడు వదిలేస్తారు. ఆ తరువాత గాలే దిక్కు.

రాయి మొదటిసారి ఎక్కినప్పుడు మేడమ్ వెనక సీట్లో కూర్చుంది. తాడు బిగుసుకుంది. కడుపులో ఎవరో కాలు పెట్టి తోసినట్టు గ్లైడర్ పైకి లేచింది. ముందు ఆకాశం తప్ప మరేం కనబడలేదు. టప్పుమని తాడు వదిలింది. ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయి, అద్దం మీద గాలి రాసుకునే శబ్దం మాత్రం మిగిలింది.

"ఎలా ఉందమ్మాయ్?" అంది మేడమ్ వెనక నుంచి.

"బాగుంది మేడమ్."

"ఏం బాగుంది?"

రాయి కిందికి చూసింది. పట్నం అంతా ఆరబెట్టిన చాపలా పరుచుకుని ఉంది. బస్సు డిపో కనబడింది, బడి కనబడింది. బడి నుంచి రోడ్డు పట్టుకుని చూపు నడిపిస్తే వాళ్ళ వీధి దొరికింది. వీధిలో పైకప్పుల మధ్య ఒక చోట పన్ను ఊడినట్టు నల్లటి సందు. అదే తమ ఇల్లని పోల్చుకుంది. కాసేపు చూసింది. గ్లైడర్ పక్కకి వాలి తిరిగాక అది రెక్క కింద కనబడకుండా పోయింది.

"అన్నీ బాగున్నాయి మేడమ్," అంది.

వారాలు గడిచాయి. రాయి చెయ్యి నిలకడైన చెయ్యి అని అందరూ ఒప్పుకున్నారు. గ్లైడర్ ముక్కు ఒక్కసారిగా కిందికి పడేలా మేడమ్ చేసి చూపించినప్పుడు మిగతావాళ్ళు అరిచేవాళ్ళు, ఒకబ్బాయి వాంతి చేసుకున్నాడు. రాయి మాత్రం మేడమ్ చెప్పినట్టు, విమానాన్ని నడిపే కర్ర, స్టిక్కుని ముందుకి తోసి, వేగం రాగానే నెమ్మదిగా పైకి తెచ్చేది. చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆ జట్టులో మొదట ఒంటరిగా ఎగిరేది రాయేనని పిల్లలు తీర్మానించేశారు. వసపిట్టకి అసూయ కలిగింది గానీ దాచుకోవడం చేతకాలేదు.

"నీకు గుండె అనేది ఉందా అసలు? నాకైతే తాడు బిగుసుకున్నప్పుడల్లా దేవుళ్ళందరూ గుర్తొస్తారు," అనేది.

ఇంట్లో నాన్నకి ఈ కబుర్లు మావయ్య మోసుకొచ్చేవాడు. నాన్న అప్పటికి వేరేవాళ్ళ లాండ్రీలో పనికి కుదిరాడు. రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, సాయంత్రం కాళ్ళు పట్టించుకుంటూ ఈ మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు.

"చూశావా, నేను ముందే అన్నాను. గట్టిపిండం," అనేవాడు అమ్మతో.

తాడు తెగితే ఏం చేయాలో నేర్పే రోజు వచ్చింది. నిజంగా తెగనక్కర్లేదు. గ్లైడర్ ఇంకా పైకి ఎగబాకుతుండగానే మేడమ్ చెప్పకుండా తాడు వదిలేస్తుంది. ముక్కు ఆకాశం వైపు ఉంటుంది, లాగే తాడు ఉండదు. ఆ క్షణంలో స్టిక్కు ముందుకి తోసి ముక్కు దించాలి. ఆలస్యం చేస్తే వేగం చచ్చిపోతుంది, కింద నేల దగ్గరగా ఉంటుంది. ముందు రోజే నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పారు. రాయి ఆ బొమ్మని చూడకుండా గీయగలదు.

తాడు లాగింది. గ్లైడర్ లేచింది. టప్పుమని శబ్దం వచ్చింది.

రాయికి అంతా తెలిసింది. తాడు పోయిందని తెలిసింది. గాలి శబ్దం పలచబడుతోందని తెలిసింది. స్టిక్కు చేతిలోనే ఉంది. అది ముందుకి తోయాలనీ తెలుసు. ఎవరో తోస్తారన్నట్టు చూస్తూ కూర్చుంది.

"నాది!" అని అరిచి మేడమ్ వెనక సీట్లో ఉన్న తన స్టిక్కుని ముందుకి తోసింది. ముక్కు ధబ్బున కిందికి పడి, గడ్డి మీదికి వచ్చి, గ్లైడర్ కుంటుతూ పరిగెత్తి ఆగింది.  మేడమ్ ముందు దిగి, గట్టిగా ఊపిరి తీసుకుని, రాయి పక్కకొచ్చి నిలబడింది.

"చెయ్యి ఎందుకు కదల్లేదు?"

"తెలీదు మేడమ్."

"మర్చిపోయావా?"

"లేదు మేడమ్. గుర్తుంది."

"భయంతో బిగుసుకుపోయావా? ఫరవాలేదు చెప్పు. చాలామందికి అవుతుంది."

"లేదు మేడమ్. భయం వెయ్యలేదు."

మేడమ్ రుమాలు విప్పి ముఖం తుడుచుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. ఏదో లెక్క తేలనట్టు చూసింది.

"నాకు వేసింది," అంది. "ఇన్నేళ్ళు వచ్చినా ఇప్పటికీ వేస్తుంది. చూడమ్మాయ్, భయపడేవాళ్ళకి నేను నేర్పగలను. ఎంత పిరికివాళ్ళకైనా నేర్పాను. బతకాలన్న తొందర లేనివాళ్ళకి ఎలా నేర్పాలో నాకు రాదు. కొన్నాళ్ళు నిన్ను ఎక్కించను. దళంలోంచి తీసెయ్యట్లేదు. కింద పని చెయ్యి. రెక్క పట్టుకో."

"సరే మేడమ్," అంది రాయి.

ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు నాన్న మండిపడ్డాడు.

"భయం లేకపోతే తప్పా? ఇదెక్కడి విడ్డూరం! బావా, రేపు నేనొస్తాను. ఆ మేడమ్‌ని నేనే అడుగుతాను. ధైర్యంగా ఉన్నందుకు శిక్షా?"

"అడుగుదువు గానీ ఆగు," అన్నాడు మావయ్య. "ఆవిడ నోటికి ఎదురు పోయినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

 మర్నాడు పగలు, నాన్న పనికి వెళ్ళాక, అత్త బజారుకి వెళ్ళాక, గదిలో పరుపులు చుడుతున్న కూతురి పక్కన అమ్మ కూర్చుంది.

"నిజంగానే నీకు భయం వెయ్యట్లేదా?"

"లేదమ్మా."

"ఎప్పటి నుంచి?"

ఆ పిల్ల ఆలోచించింది. "అది కాలినప్పటి నుంచి. భయమే కాదు. ఏదీ అనిపించట్లేదు."

"నాకు స్విచ్చు వెయ్యాలంటే కాళ్ళు వణుకుతున్నాయి. నీకేమో ఇలా," అంది అమ్మ. పరుపు అంచు వేళ్ళతో లాగుతూ ఉండిపోయింది. "ప్రాణాలు దక్కాయి చాలు అని అందరితోపాటు నేనూ అన్నాను. ఇంక ఏడిస్తే పాపం అన్నట్టు. నిన్నెవరూ అడగలేదు కదే. నీవేం పోయాయి?"

"నా నీలం స్వెటరు," అంది ఆ పిల్ల, ఎవరో ధర అడిగితే చెప్పినట్టు. "మోచెయ్యి దగ్గర నువ్వు రఫ్ఫు చేశావే, అది. ఇంకా చాలా ఉన్నాయిలే."

అమ్మకి ఏడుపొచ్చింది. ఈసారి కొళాయి దగ్గరికి పోలేదు. అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చెయ్యి వెయ్యాలని తెలుసు కాబట్టి వేసింది. చాలాసేపు ఉంచింది.

రెక్క పట్టుకోవడం తేలిక పనే. గ్లైడర్‌కి కడుపు కింద ఒకటే చక్రం. ఆగి ఉంటే ఒక రెక్క నేలకి వాలిపోతుంది. తాడు లాగే ముందు ఒకరు రెక్క చివర పట్టుకుని సమంగా నిలబెట్టాలి, అది కదలగానే నాలుగడుగులు పక్కనే పరిగెత్తి వదిలెయ్యాలి. అంతకుముందు విమానాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా కంటితో తడమాలి. ఏది తేడాగా కనబడినా "ఆపండి" అని అరవచ్చు. ఎవరైనా అరవచ్చు, ఎవరూ తిట్టకూడదు. అది అక్కడి నియమం. రాయి ఆ పని శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేసింది. వేసవి పోయి వానలు వచ్చాయి. గడ్డి బూట్లకి అంటుకునేది. తనకన్నా వెనకవాళ్ళు ఒంటరిగా ఎగిరి వచ్చి, కేకలు పెట్టుకుంటూ ఒకరినొకరు కౌగిలించుకుంటుంటే, తరువాతి విమానం రెక్క పట్టుకుని నిలబడేది.

వసపిట్ట మొదటిసారి ఒంటరిగా ఎగరాల్సిన రోజున ఆకాశం తేటగా ఉంది. మేడమ్ వెనక సీటు బెల్టులు కట్టేసి, వసపిట్ట భుజం తట్టి, దూరంగా జరిగింది. పైన అద్దం మూసుకుంది. రాయి రెక్క ఎత్తి పట్టుకుంది. అద్దంలోంచి వసపిట్ట ముఖం కనబడుతోంది. ఆ నోరు కదలట్లేదు. ఆ అమ్మాయి నోరు కదలకుండా ఉండటం రాయి ఎప్పుడూ చూడలేదు. పెదాలు తెల్లబడిపోయి, గొంతు మాత్రం గుటకలు వేస్తోంది.

రాయి రెక్క పొడుగునా చూసింది. రెక్క మీద వేగం తగ్గించే పలకలు ఉంటాయి. ఎగిరే ముందు అవి రెక్కలో అణిగి ఉండాలి. లేస్తే విమానం పైకి పోలేదు. అటువైపు రెక్క మీద పలక అంచు వేలు మందాన పైకి లేచినట్టు కనబడింది. తాడు అప్పుడే బిగుసుకుంటోంది.

"ఆపండి!"

ఆ అరుపు ఎవరిదో రాయికి మొదట అర్థం కాలేదు. గొంతు చీరుకుపోయింది. "ఆపండి! ఆపండి!" అని మళ్ళీ మళ్ళీ అరుస్తూనే ఉంది. వించ్‌కి సైగలు చేసే జెండా పట్టుకున్నవాడు దాన్ని పైకెత్తాడు. దూరంగా వించ్ ఆగింది. తాడు వదులై గడ్డిలో పడిపోయింది.

మేడమ్ పరిగెత్తుకొచ్చింది. రాయి వేలితో అటువైపు రెక్క చూపించింది. మేడమ్ అటువైపు వెళ్ళి రెక్క మీద అరచెయ్యి పెట్టి నొక్కింది, లాగింది. పలక చక్కగా అణిగే ఉంది. పొద్దున్న తుడిచినప్పుడు మిగిలిపోయిన గడ్డిపోచ ఒకటి అంచున అంటుకుని, దాని నీడ పడింది. అంతే. మేడమ్ గడ్డిపోచ తీసి పారేసింది.

"ఏం లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి," అంది.

అప్పుడు రాయి మోకాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఆపుదామంటే ఆగలేదు.  రెక్క వదలమంటే వేళ్ళు ఊడి రాలేదు. ఇంకొకబ్బాయి వచ్చి ఒక్కో వేలూ విడదీసి రెక్క అందుకోవలసి వచ్చింది. షెడ్డు వెనక్కి వెళ్ళి పొద్దున్న తిన్నదంతా కక్కుకుంది.

ఇంతలో గాలి తిరిగింది. పక్కగాలిలో మొదటిసారి ఎగిరేవాళ్ళని పంపరు. వసపిట్ట వంతు ఆ రోజుకి పోయింది. విమానం దిగి నేరుగా రాయి దగ్గరికొచ్చింది.

"గడ్డిపోచ! గడ్డిపోచ చూసి ఆపావా? మా అమ్మ ఫోన్ దగ్గర కూర్చుని ఉందే!"

"నువ్వు పడిపోతావనుకున్నాను," అంది రాయి. నోరు కడుక్కున్న నీళ్ళు ఇంకా గడ్డం మీంచి కారుతున్నాయి.

వసపిట్ట ఆ ముఖం చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

మేడమ్ మాత్రం రాయిని పిలిచి ఆ గడ్డిపోచ ఊసే ఎత్తలేదు.

"వేసిందా?" అని అడిగింది.

"వేసింది మేడమ్. ఇంకా తగ్గలేదు. ఎప్పటికి తగ్గుతుంది?"

"నాకేం తెలుసమ్మాయ్? వచ్చే వారం నీ పేరు రాస్తున్నాను. పోయి ఏదైనా తిను."

మర్నాటికి ఆ వణుకు పోయింది. పోయిన చోట మళ్ళీ పాత మొద్దుతనమే పరుచుకుంది. కాకపోతే ఇదివరకంత మందంగా లేదు. ఎప్పుడైనా, ఏ కారణమూ లేకుండా, పళ్ళు తోముకుంటుండగానో బస్సు కోసం నిలబడి ఉండగానో, గుండె ఝల్లుమనేది. ఆ పిల్లకి అదేం బాగుండేది కాదు. ఏమీ లేకుండా ఉన్నప్పుడే నయమనిపించేది కూడా.

తరువాతి శనివారం వసపిట్ట ఎగిరి దిగి, దిగీ దిగగానే మాట్లాడటం మొదలుపెట్టి, ఆ మాటల మధ్యలో ఎక్కడో రాయితో మాటలు మానేసిన సంగతి మర్చిపోయింది. ఆ మధ్యాహ్నం రాయి మేడమ్‌తో పైకెళ్ళింది. గ్లైడర్ సగం ఎత్తుకి చేరకముందే టప్పుమంది. రాయి స్టిక్కు తోసింది. మరీ గట్టిగా తోసింది. ఇద్దరూ బెల్టులకి వేలాడారు, నేల ముఖం మీదికొచ్చింది, మేడమ్ నోటి నుంచి పిల్లల ముందు అనకూడని మాట ఒకటి వచ్చింది. చక్రం నేలకి తగిలి, ఎగిరి, మళ్ళీ తగిలింది.

"ఘోరంగా ఉంది," అంది మేడమ్ ఆగాక. "మళ్ళీ చేద్దాం."

మళ్ళీ చేశారు. చలికాలం వచ్చేదాకా చేస్తూనే ఉన్నారు. ఈలోగా నాన్న రెండు గదుల వాటా ఒకటి చూశాడు. ఆ సామాను సర్దుకోవడంలో ఒక శనివారం పోయింది. అమ్మ కొత్త గదుల్లో దీపాలు తనే వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక్కోసారి నాన్ననే పిలిచేది.

రాయి ఒంటరిగా ఎగిరిన రోజు ఎవరికీ పెద్దగా గుర్తు లేదు. జట్టులో దాదాపు అందరూ అప్పటికే ఎగిరేశారు, మంచు విడవడం ఆలస్యమై అందరూ తొందరలో ఉన్నారు. తాడు బిగుసుకున్న దగ్గర నుంచి చక్రం నేలకి తగిలేదాకా రాయి నోరు ఎండిపోయే ఉంది. వెనక సీటు ఖాళీగా ఉందన్న సంగతి వీపుకి చల్లగా తెలుస్తూనే ఉంది. పట్నం వైపు చూడలేదు, చూసే తీరిక లేదు. మైదానం చుట్టూ తిరిగి, గాలికి ఎదురుగా వాలి, కాస్త పక్కకి జరిగి దిగింది.

అద్దం తెరిచేసరికి మేడమ్ అక్కడ నిలబడి ఉంది.

"బాగానే ఉంది," అంది. "తొందరగా తోసుకురా, తరువాతివాళ్ళు ఎదురుచూస్తున్నారు."

రాయి దిగి, తోకవైపు వెళ్ళి, తడిసిన గడ్డిలో బూట్లు తన్ని పెట్టి తోయడం మొదలుపెట్టింది.